గేటు మూసిన వారం

జనవరి 8, సోమవారం
బస్సు డిపో క్వార్టర్సు

బావమరిదికి,

నీ క్షేమం అడగను. నువ్వు క్షేమంగానే ఉంటావు. ఏడో కిలోమీటరు దగ్గర ఒక గేటు, ఒక రేకుల గది, ఒక కుంపటి ఇచ్చి ప్రభుత్వం నిన్ను మేపుతోంది. మీ అక్క శనివారం సాయంత్రం నాతో మాట మాత్రమైనా చెప్పకుండా పసుపుపచ్చ పెట్టె పట్టుకుని ఇల్లు దాటింది. నీ దగ్గరికి చేరిందో లేదో కబురు పెట్టడానికి నీకు చేతులు రాలేదు. ఫోను చేద్దామంటే గాలికి స్తంభం ఒరిగి లైను పోయింది. నిన్న పాలాయన చెబితే తెలిసింది, మీ గది బయట తీగ మీద తన శాలువా ఆరేసి ఉందని. పెళ్ళాం ఎక్కడుందో మొగుడికి పాలాయన చెప్పాల్సి వచ్చింది. సంతోషమేనా?

సంగతి ఇది. నాకు మైదానంలో ఉన్న పెద్ద డిపోకి బదిలీ అయింది. వచ్చే సోమవారం, పదిహేనో తారీకు, అక్కడ చేరాలి. ఆదివారం సామాన్ల లారీ వస్తుంది. అదే రోజు క్వార్టర్సు తాళం అప్పగించాలి. మొగుడికి బదిలీ అయితే పెళ్ళాం వెంట వెళ్ళడం లోకంలో లేని వింతా? బజార్లో టైలరు షాపు పెట్టి ఎనిమిది నెలలు కాలేదు, దానికోసం పన్నెండేళ్ళ కాపురాన్ని తీగ మీద ఆరేసి కూచుంది.

గేటు మూశావని డిపోలో అంటున్నారు. రెండు రోజులుగా నా బస్సు షెడ్డులోనే ఉంది. నాలుగు చినుకులు పడి కాస్త చలి పెడితే గేటు మూసేస్తారా? రేపు తెరువు. బస్సు తెస్తాను. అక్కని పెట్టెతో సహా ఎక్కించు. ఈ ఉత్తరం పాలాయన చేత పంపుతున్నాను, జవాబు కూడా ఆయన చేతే పంపు.

ఇట్లు,
నీ బావ

జనవరి 9, మంగళవారం
ఏడో కిలోమీటరు గేటు

బావగారికి నమస్కారాలు.

కుంపటి గురించి రాశారు. ఉంది. దాని ముందు మేము కూచునే లోపల రేకుల సందుల్లోంచి గాలి వచ్చి కూచుంటోంది. ఆదివారం ఈదురుగాలి, నిన్న వడగళ్ళు కలిసిన వాన, ఇవాళ తెల్లారేసరికి వాన ఆగి దారంతా గడ్డకట్టింది. గది ముందు బకెట్టు తీయబోతే నేలకి అంటుకుపోయి పిడి ఊడి చేతికొచ్చింది.

గేటు నా ఇష్టప్రకారం మూసేది కాదని పదకొండేళ్ళుగా ఈ దారిలో బస్సు నడిపే మనిషికి చెప్పాల్సి రావడం విచిత్రం. గేటు పక్కన రాతి మీద సత్తు పళ్ళెంలో నీళ్ళు పోసి పెడతాం. పొద్దున ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి వేలితో నొక్కి చూస్తాం. మంచు పెచ్చు పగిలితే బండ్లు వదులుతాం. పగలకపోతే మూత. రిజిస్టర్లో రాసి సంతకం పెడతాను. శనివారం మధ్యాహ్నం నుంచి పెచ్చు పగల్లేదు. మీరు కోప్పడితే పగులుతుందేమో ఒకసారి వచ్చి దాని మీద కోప్పడండి.

ఇక బదిలీ "అయింది" అని రాశారు. వానలాగా అదే వచ్చి పడిందా? మూడు నెలల కిందట మీరే అర్జీ పెట్టుకున్నారట కదా. డిపో గుమాస్తా భార్య షాపుకి వచ్చి, మీరు వెళ్ళిపోతున్నారటగా, నా బట్టలు ముందు కుట్టేయండి అంటే అప్పుడు తెలిసిందట అక్కకి. చేతిలో కత్తెర అలాగే పట్టుకుని నవ్విందట, తనకి ముందే తెలిసినట్టు. ఆ నవ్వు నవ్వాల్సి రావడమే తనకి అన్నిటికంటే మంట.

అక్క బాగానే ఉంది. పాదాలే బాగోలేవు, తగ్గుతున్నాయి. రానంటోంది.

ఇట్లు,
మీ బావమరిది

జనవరి 10, బుధవారం
డిపో క్వార్టర్సు

బావమరిదికి,

అర్జీ పెట్టాను. అయితే ఏమిటి? నా ఉద్యోగం, నా అర్జీ. పదకొండేళ్ళు ఈ మలుపుల్లో స్టీరింగు తిప్పి తిప్పి భుజం కీలు అరిగిపోయింది. నీకు విన్నవించుకుని పెట్టాలా? మొగుడూ పెళ్ళాల మధ్య మాట రిజిస్టర్లో ఎక్కించి సంతకం పెట్టడానికి నువ్వెవరివి?

పాదాలు బాగోలేవట! మొన్నటి దాకా రోజుకు తొమ్మిది గంటలు మిషను తొక్కిన పాదాలే కదా. నీ గదిలో అడుగు పెట్టగానే పాడైపోయాయా? నాటకాలాడటం మీ ఇంట్లో అందరికీ వచ్చు. మీ నాన్నగారు కూడా అంతే, నేను ఆయన్ని చూడటానికి వచ్చినప్పుడల్లా నడుం పట్టేసేది.

ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పు. శనివారం మధ్యాహ్నం నుంచి గేటు మూత అని నువ్వే రాశావు. తను ఇంట్లోంచి వెళ్ళింది శనివారం సాయంత్రం. మరి పైకి ఎలా వచ్చింది? మీ శాఖ జీపు వేసుకుని వచ్చి, సందు చివర ఆపి, ఎక్కించుకుపోయావు. అంతేనా? అక్కకి తెరుచుకున్న గేటు బావకి తెరుచుకోదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఆ పూజారివి నువ్వు. ఆ పళ్ళెం కూడా ఎండ తగలని చోట చూసి మరీ పెట్టుంటావు. ఇక్కడ బజార్లో ఇవాళ సుబ్బరంగా ఎండ కాసింది. జనం అరుగుల మీద కూచుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

రేపటికి గేటు తెరవకపోతే మీ ఇంజనీరుకి ఫిర్యాదు చేస్తాను. ఉత్తినే బెదిరించడం లేదు.

నీ బావ

జనవరి 11, గురువారం
ఏడో కిలోమీటరు గేటు

బావగారికి,

మీ బజార్లో ఎండ కాస్తే సంతోషం. ఇక్కడ ఇవాళ ఉదయం నుంచి మంచు తెర. గేటు దగ్గర నిలబడితే గది కనపడదు, గదిలోంచి చూస్తే గేటు కనపడదు. పాలాయన కావిడి చప్పుడు వినపడింది, మనిషి మాత్రం నా ముక్కుకి తగిలేదాకా కనపడలేదు. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. అక్క నేనూ పెద్దగా మాట్లాడుకోకపోవడానికి అదొక సాకు.

జీపు సంగతి. మా శాఖ జీపు డిసెంబరు మొదట్లో గ్యారేజీకి వెళ్ళింది, ఇంకా రాలేదు. నేను శనివారం సాయంత్రం ఆరింటికి గేటు దగ్గరే ఉన్నాను, రిజిస్టర్లో ఉంది. గేటు ఎవరికీ తీయలేదు. మరి అక్క ఎలా వచ్చిందంటారా, అది నేను చెప్పను. చెప్పొద్దంది. మీరు తెలివైనవారు, ఆలోచించుకోండి.

పళ్ళెం మా నాన్న హయాం నుంచి ఆ రాతి మీదే ఉంది. ఆయన నడుం గురించి రాశారు. పోయిన మనిషి, పోనివ్వండి. కానీ మీరు వచ్చినప్పుడల్లా పట్టేసేదన్నది మాత్రం నిజమే. మీరు వెళ్ళగానే వదిలేసేది.

దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు. అందుకే గేటు మూసి పెట్టాను. నాలుగో మలుపులో మీ బస్సు జారి లోయలో పడితే అక్క దగ్గర మంచి మాట పోగొట్టుకునేది నేను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మీ ఇంట్లో సరిచేసుకోలేనిది నా గేటు మీద పెట్టకండి. ఫిర్యాదు చేసుకోండి. ఇంజనీరుగారి ఆఫీసు పోస్టాఫీసు పక్క సందులో.

అక్క రానంటోంది.

మీ బావమరిది

జనవరి 12, శుక్రవారం
డిపో క్వార్టర్సు

బావమరిది అని రాయడానికి కూడా మనసు రావడం లేదు. ఇలాగే మొదలుపెడుతున్నాను.

ఫిర్యాదు ఇచ్చాను. రెండు పేజీలు. గేటుకీపరు తన కుటుంబ కక్షల కోసం ప్రభుత్వ రహదారిని మూసిపెట్టి ప్రయాణికులను ఇబ్బంది పెడుతున్నాడని, సొంత మనుషులకు మాత్రం తెరుస్తున్నాడని రాశాను. ఇంజనీరు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. రేపు పొద్దున స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. నీ ఉద్యోగానికి ఏమైనా అయితే నన్ను అనకు. చెప్పి మరీ చేశాను.

ఇక్కడ నా బతుకు ఎలా ఉందో కూడా విను, నీకు వేడుకగా ఉంటుంది. మీ అక్క షాపుకి తాళం వేసి పోయింది. జనం ఇంటి మీద పడుతున్నారు. పొద్దున ఒక నర్సు వచ్చింది యూనిఫారం కోసం. తర్వాత స్కూలు పిల్లల తల్లులు ముగ్గురు. రిటైరైన లెక్కల మాస్టరు వచ్చి గుమ్మంలో నిలబడి, మీ ఆవిడ కుట్టిన కోటు వల్లే ఈ ఏడు బయట తిరగగలుగుతున్నాను, ఇంకొకటి కుట్టమని చెప్పండి అని, నా మొహం చూసి, మీరు ఆవిడకి ఏమవుతారు అన్నాడు. ఏమని చెప్పను? తలుపు వేసేశాను. పొయ్యి వెలిగించలేదు, ఎండిపోయిన రొట్టె టీలో ముంచుకుని తిన్నాను. సామాను సగం పెట్టెల్లో ఉంది, మిగతా సగం ఏది ఎక్కడ పెడుతుందో నాకు తెలియదు.

ఆదివారానికి ఇంకా రెండు రోజులున్నాయి. తను రాకపోతే నేను ఒక్కణ్ణే పోతాను. పోయాక మళ్ళీ వెనక్కి చూడను. ఈ మాట చెప్పు.

జనవరి 13, శనివారం, పొద్దున పదకొండున్నర
ఏడో కిలోమీటరు గేటు

బావగారికి,

తమరి ఫిర్యాదు పుణ్యమా అని ఇంజనీరుగారు ఏడింటికల్లా వచ్చారు. రాత్రంతా మంచు పడింది, చీలమండ లోతు. మూడో మలుపులో ఆయన కారు పక్కకి జారి రాళ్ళ గుట్టకి ఆనుకుంది. అక్కడి నుంచి నడిచి వచ్చారు, మఫ్లరు లోంచి ముక్కు ఒక్కటే కనపడుతూ. పళ్ళెం చూపించమన్నారు. చూపించాను. వేలితో నొక్కారు, తర్వాత పెన్నుతో కొట్టారు, తర్వాత పెన్ను నిబ్బు వంకర పోయింది. రిజిస్టరు ముందు పెట్టి, గేటు తెరవమని మీ సంతకంతో రాయండి తెరుస్తాను అన్నాను. ఆయన రాయలేదు. టీ తాగి వెళ్ళారు. అయినా కుటుంబ వ్యవహారాలపై ఫిర్యాదు వచ్చినందుకు సంజాయిషీ ఇవ్వమని నాకు కాగితం ఇచ్చారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో మొదటి కాగితం. మీ చేతి మీదుగా అందింది, జాగ్రత్తగా దాచుకుంటాను.

ఎనిమిది దాటాక మబ్బు విడిపోయింది. పదింటికి పెచ్చు పగిలింది. ఇప్పుడు మంచంతా కరిగి కాలవ కడుతోంది. గేటు తీశాను. మీ ఫిర్యాదు వల్ల కాదు, ఎండ వల్ల. ఫోను లైను ఇంకా బాగుపడలేదు కాబట్టి ఈ కబురు మొదటి లారీ వాడి చేత పంపుతున్నాను. మీ బస్సు తెచ్చుకోండి.

మీ బావమరిది

జనవరి 13, శనివారం, రాత్రి ఏడు
డిపో

నీకు,

ఈ దారిలో నా ఆఖరి ట్రిప్పు ఎలా జరిగిందో నువ్వు చూశావు. బస్సు నిండా జనం. గేటు దగ్గర ఆపాను. హారను కొట్టాను, మూడుసార్లు. కిటికీ తెర కదిలింది. తను నిలబడి ఉంది, నేను చూశాను. రాలేదు. నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడి చీపురుతో నీళ్ళు తోస్తున్నట్టు నటిస్తున్నావు. కండక్టరు నా మొహం చూడకుండా టిక్కెట్లు లెక్కపెట్టుకున్నాడు. వెనక సీట్లో ఎవరో నవ్వారు.

వారం రోజులు గేటు మూసి మీ అక్క మనసు విరిచావు. గేటు తెరిచాక గుమ్మానికి అడ్డం నిలబడ్డావు. ఇంతకంటే చెడ్డ తమ్ముడు ఎవరికీ ఉండకూడదు. ఈ రోజుతో నీకూ నాకూ చుట్టరికం తెగింది.

జనవరి 14, ఆదివారం, పొద్దున
ఏడో కిలోమీటరు గేటు

బావగారికి,

చుట్టరికం తెగింది కాబట్టి ఇప్పుడు దాపరికం అక్కర్లేదు. అక్క చెప్పొద్దన్నది చెప్పేస్తాను.

గేటు బండ్లకి. మనుషులకి కాదు. పక్కన మనిషి పట్టే సందు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అక్క శనివారం సాయంత్రం నడిచి వచ్చింది. ఏడు కిలోమీటర్లు, ఇంట్లో వేసుకునే పలచని చెప్పులతో, పెట్టె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ. గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదైంది. నేను గుర్తుపట్టలేదు. పాదాలు నీలంగా అయిపోయాయి, మూడు రోజులు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి ఉంచాను. మీరు దాన్ని నాటకం అని రాశారు.

మీ ఉత్తరాలు పాలాయన భుజాన కావిడి వేసుకుని తెచ్చాడు. ఆయన వయసు అరవై రెండు. మంగళవారం నుంచి గురువారం దాకా రోజూ సాయంత్రం అక్క గేటు పక్క గోడ మీద కూచునేది, చలిలో ఎందుకు లోపలికి రా అంటే కేకలేసేది. ఎవరికోసం కూచుందో నన్ను అడక్కండి. పదకొండేళ్ళు బస్సు నడిపితే గేటు మూత పడగానే దారి మూతపడిందనిపిస్తుందేమో. మీకు కాళ్ళున్నాయని ఎవరూ చెప్పలేదా?

మీకు రాసే ఆఖరి ఉత్తరం ఇదే.

జనవరి 14, ఆదివారం, సాయంత్రం
ఖాళీ ఇల్లు

బావమరిదికి,

లారీ వెళ్ళిపోయింది. పెన్ను కిటికీలో దొరికింది, కాగితం గోడకి ఉన్న కేలెండరు చించాను. వెనక వైపు రాస్తున్నాను.

నడవచ్చని నాకు తెలుసు. నువ్వు నన్ను మూర్ఖుడనుకుంటున్నావు, అంత కాదు. ఆ సందులోంచి పోయే మనుషుల్ని పదకొండేళ్ళుగా అద్దంలో చూస్తున్నాను. గురువారం మధ్యాహ్నం మంచు తెరలో మఫ్లరు చుట్టుకుని బయల్దేరాను. రెండో మలుపు కల్వర్టు దాకా వచ్చాను. అక్కడ గోడ మీద కూచున్నాను. పైకి వచ్చి రా అంటాను, రాను అంటుంది, అప్పుడేం చేయాలి? ఆ తర్వాత తిట్టడానికి ఎవరూ మిగలరు. గేటు మూసి ఉన్నంత కాలం తప్పు నీది. ఆ గేటు నీకంటే నాకే ఎక్కువ పనికొచ్చింది. వెనక్కి తిరిగాను, ఇంటికొచ్చి, మర్నాడు ఇంజనీరుకి ఫిర్యాదు రాశాను.

భుజం కీలు కూడా అబద్ధం. అర్జీ ఎందుకు పెట్టానో చెబుతాను. డిపోలో నన్ను టైలరమ్మ మొగుడు అనడం మొదలుపెట్టారు. వేళాకోళానికే. నేనూ నవ్వాను. పక్క రోజు అర్జీ రాశాను. మంచి డ్రైవరునని పేరున్న ఊళ్ళో ఇంకెవరి మొగుడిగానో బతకడం నా వల్ల కాలేదు. ఇది చదివి నువ్వు నవ్వుకుంటావు. నవ్వుకో.

ఇంజనీరు ఇంటికి పోయి ఇంకో కాగితం ఇచ్చి వచ్చాను, నా ఫిర్యాదు కోపంలో రాసిన అబద్ధమని. నీ మీద కాగితం రద్దవుతుంది. తన బట్టలు, గిన్నెలు విడిగా మూట కట్టి గుమాస్తా ఇంట్లో పెట్టాను. రేపు పొద్దున ఆరున్నర బస్సుకి నేను పోతున్నాను. ఇవన్నీ అక్కతో చెప్పు. తప్పయిందన్నానని చెప్పు.

బావ

జనవరి 15, సోమవారం
టైలరు షాపు, బజారు

మీకు,

కొత్త డిపో చిరునామా గుమాస్తాని అడిగి రాస్తున్నాను. నిన్నటి మీ ఉత్తరం రాత్రి ఆఖరి బస్సు కండక్టరు తెచ్చిచ్చాడు. తమ్ముడు చదివి నా చేతికిచ్చి, గేటు దగ్గరికి పోయాడు. అప్పుడు రిజిస్టరు తెరిచి చూశాను. మిగతావన్నీ అందులో పెట్టుకున్నాడు. అన్నీ కలిపి ఐదు. వాడు మీకేం రాశాడో వాడినే అడిగి చెప్పించుకున్నాను.

ఈ ఐదింటిలో పళ్ళెం ఉంది, జీపు ఉంది, మా నాన్న నడుం ఉంది, మాస్టరుగారి కోటు ఉంది. ఒక్క దాని మీదా నా పేరు లేదు. మీరు పంపమని వాడికి రాశారు. వాడు రానంటోందని మీకు రాశాడు. వాడు నన్ను అడగలేదు. అడిగావా అంటే తల దించుకున్నాడు. నీ మొహం చూస్తే తెలిసిపోయిందిలే అక్కా, అన్నాడు. ఏం తెలిసింది వాడికి? సోమవారానికల్లా నా కోపం సగం దిగిపోయింది. గురువారం దాకా పెట్టె సర్దే ఉంచాను. మీరు కల్వర్టు మీద కూచున్న గురువారమే. శుక్రవారం పొద్దున విప్పి బట్టలు తీగ మీద వేశాను.

శనివారం హారను విన్నాను. అది బస్సు ఎక్కే ప్రయాణికులని పిలిచే హారను. నన్ను ఎప్పుడు అలా పిలిచినా నేను రాను, గేటు ఉన్నా లేకపోయినా.

టైలరమ్మ మొగుడన్నందుకు ఊరు వదిలారు. పన్నెండేళ్ళు నన్ను డ్రైవరుగారి భార్య అన్నారు, ఆ పేరుతో నేను ఎక్కడికీ పారిపోలేదు. ఈ మాట మీతో నోటితో అనాలని ఉంది. అంటే మీరు కోప్పడతారు, నేనూ కోప్పడతాను, ఇద్దరం ఎదురుగా కూచుని కోప్పడి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.

పొద్దున మొదటి బస్సుకి దిగి షాపు తెరిచాను. వెనక గదిలో ఉంటాను, మూట తెచ్చుకున్నాను. నర్సు యూనిఫారం ఇచ్చేశాను. మాస్టరుగారి కోటుకి కొలత తీసుకున్నాను. ఇంకా చలి తగ్గలేదు, పని చాలా ఉంది. మీరు తప్పయిందన్నారని తమ్ముడు చెప్పాడు. వాడు బాగానే చెప్పాడు, నేను విన్నాను, కానీ అది వాడి గొంతు.

దీనికి జవాబు రాస్తారో, సెలవు పెట్టి వస్తారో, రెండూ మానేస్తారో మీ ఇష్టం. రాస్తే మాత్రం తమ్ముడికి రాయకండి.

ఇట్లు,
మీ భార్య